బొబ్బిలి ఆటలో సాయిబు ఎవరు?

భోగాపురం చుట్టుపక్కల కుర్రాళ్లెవరైనా కత్తులూ మంత్రాలూ ఉన్న ఆట కట్టాలనుకుంటే ముందు గుర్తొచ్చేది బొబ్బిలే. బల్ల చుట్టూ కూచుని, పాచికలు వేస్తూ, ఒక్కొక్కరూ ఒక్కో పాత్రగా కథ నడిపే ఆటల సంగతి చెబుతున్నాం. 1974లో అమెరికాలో అచ్చయిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'తో ఇవి ప్రచారంలోకి వచ్చాయి. మనకు కోట ఉంది. వీరుడు తాండ్ర పాపారాయుడున్నాడు. దేవత పైడితల్లి. యుద్ధం వద్దన్న విజయనగరం రాజు చెల్లెలే పెద్దచెరువులో పైడితల్లిగా వెలసిందంటారు జనం. మరి విలన్? అక్కడికొచ్చేసరికి అందరి చూపూ మా వైపు తిరుగుతుంది.

బుస్సీ దివాను హైదర్ జంగ్ ఉన్నాడు గదా, లంచం మేసిన సాయిబు! అతన్ని వెనకేసుకు రావాల్సిన పని మాకు లేదు. కాకపోతే తిన్నవాడి పేరు చెప్పేటప్పుడు పెట్టినవాడి పేరూ చెప్పాలి.

ఆ ఆట పాత పుస్తకాల్లో ఒక్కో జాతికి స్వభావం ముందే రాసిపెట్టి ఉండేది. ఓర్క్ అంటే దుష్టుడే. దీన్ని మారుస్తామని ఆ కంపెనీయే 2020లో ప్రకటించింది. ఓర్క్ స్థానంలో సాయిబుని పెట్టి చూడండి, మాకు బాగా తెలిసిన బొమ్మే తయారవుతుంది.

చరిత్ర అలా నడవలేదు. 1753లో సలాబత్ జంగ్ ఉత్తర సర్కార్లను ఫ్రెంచివాళ్లకు ధారపోసినప్పుడు ఎదురు తిరిగినవాడు చికాకోల్, రాజమండ్రి సర్కార్ల పాలకుడు జాఫర్ అలీ ఖాన్. చికాకోల్ అంటే మన శ్రీకాకుళమే. మొదట అతనితో చేయి కలిపింది విజయనగరం విజయరామరాజు. ఫ్రెంచివాళ్లు కౌలు ఇస్తామనగానే రాజు అటు జరిగాడు. ఖాన్ మరాఠాలను పిలిచాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట మీద పడ్డది బుస్సీ సైన్యం, పక్కన విజయనగరం దండు. హద్దులు, కౌలు, పాత పగలు. ఇందులో మతయుద్ధం ఎక్కడుంది?

అదే అమెరికా ఆటలో జిన్నులు మొదటినుంచీ ఉన్నారు. 1992లో 'అల్-ఖాదిమ్' పేరుతో అరేబియా కథలకు సముద్రం అవతల వేరే దేశం కేటాయించారు. మన తెలుగువాళ్లకి ఆ అవసరం రాలేదు. ఇజ్జతుల్లా బంగాలీ ఫార్సీలో రాసిన బకావలీ పువ్వు కథని 1803లో నిహాల్ చంద్ లాహోరీ ఉర్దూ వచనం చేశాడు. తర్వాత దయాశంకర్ నసీమ్ అనే కాశ్మీరీ పండితుడు ఉర్దూ కావ్యం చేశాడు. 1962లో అది ఎన్టీఆర్ 'గులేబకావళి కథ' అయింది. చూసొచ్చినవాళ్లు కథ ఎవరిదని అడిగారా? లేదు, మనదే అనుకున్నారు.

కుర్రాళ్లు బొబ్బిలి ఆట కట్టాల్సిందే. అందులో శ్రీకాకుళంలో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఉండాలి, ఫౌజ్‌దారు కచేరీ ఉండాలి, లెక్కలు రాసే మున్షీ ఉండాలి. ఆడేటప్పుడు పాపారాయుడి పాత్ర మా కుర్రాడు అడిగితే ఇవ్వాలి. హైదర్ జంగ్ పాత్ర ఇంకెవరైనా వేసుకోవచ్చు.