జోడేఘాట్ నుంచి కవ్వాల్ దాకా

1940. ఆశ్వయుజ పౌర్ణమి. జోడేఘాట్ గుట్టలను నిజాం పోలీసులు చుట్టుముట్టారు. పైన కొమురం భీం, అతని వెంట గోండు, కోలాం పోరాట వీరులు. చేతుల్లో బల్లేలు, కొడవళ్లు, కొన్ని భర్మార్ తుపాకులు. తూటాల ముందు అవెంతసేపు నిలుస్తాయి? కాల్పులు ఆగేసరికి భీం నేలకొరిగాడు.

అంతకు ముందు ఏళ్ల తరబడి నిజాం జంగ్లాత్ (అటవీ శాఖ) సిబ్బంది అడవికి హద్దులు వేస్తూ వచ్చారు. హద్దు లోపల పడిన పోడు చేను నేరమైంది. పశువులను మేపినా, కట్టెలు తెచ్చుకున్నా బంబ్రాం, దూపపెట్టి పన్నులు. తాతల నాటి గూడేలకు పట్టా లేదు. 12 గూడేలకు భూమి మీద హక్కు ఇవ్వమని భీం హైదరాబాద్ దాకా వెళ్లి మొరపెట్టుకున్నాడు. ఉత్తచేతులతో తిరిగొచ్చాకే పోరుకు దిగాడు.

నెత్తురు చిందాక సర్కారు కారణం వెతికింది. గోండుల బతుకును తెలుసుకొని చెప్పమని ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. ఆయన గోండి నేర్చుకున్నాడు. గిరిజనులకు పట్టాలివ్వాలని, వాళ్ల భాషలోనే బడి నడపాలని పట్టుబట్టాడు. 1987లో కన్నుమూసిన బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది. ఆ పక్కనే ఆయన సమాధి కూడా.

మంచిర్యాల పక్కనున్న నస్పూర్ నుంచి లక్సెట్టిపేట, దండేపల్లి దాటి జన్నారం చేరితే భీం పోరాడిన ఆ అడవుల దక్షిణపు అంచు మొదలవుతుంది. టేకు, వెదురు, కడెం వాగులు. అడవిదున్న, ఎలుగుబంటి, రేసుకుక్క, కొండగొర్రె. 1965లో ఇది కవ్వాల్ అభయారణ్యమైంది. 2012లో 892 చదరపు కిలోమీటర్ల కోర్‌తో, అంతకంటే పెద్ద బఫర్‌తో పులుల రక్షిత ప్రాంతమైంది. మహారాష్ట్రలోని తాడోబా, తిప్పేశ్వర్ నుంచి పులులు నదులు దాటి ఇటు వస్తాయి. అవి ఇక్కడ నిలబడాలంటే దుప్పులకు మేత ఉండాలి, ఉచ్చులు ఉండకూడదు, కారిడార్ తెగకూడదు.

ఆ పులుల కోసమే 2024లో కోర్‌లోని రాంపూర్, మైసంపేట గూడేలు ఖాళీ అయ్యాయి. ఇలాంటి చోట 2006 అటవీ హక్కుల చట్టం స్పష్టంగా ఉంది: ముందు హక్కులు తేల్చాలి, గ్రామసభ ఇష్టపూర్వకంగా ఒప్పుకోవాలి, కొత్త చోట ఇల్లూ భూమీ సిద్ధమయ్యాకే కదిలించాలి.

ఇవాళ మంచిర్యాల కలెక్టరేట్ నస్పూర్‌లోనే ఉంది. జన్నారం, దండేపల్లి గూడేల మనిషి పట్టా కోసం అర్జీ పట్టుకొని వచ్చేది ఇక్కడికే. ఆ అర్జీని చదివి తేల్చడం కూడా అడవిని కాపాడే పనే. హక్కు దక్కిన గిరిజనుడు అడవికి కావలి కాస్తాడు. కాదని తరిమేస్తే ఆ అడవి ఎన్ని గస్తీలు పెట్టినా నిలవదు. పులినీ గూడేన్నీ ఒకే లెక్కలో చూసే సర్కారే కవ్వాల్‌ను కాపాడగలదు.