దక్షిణ ఫ్రాన్స్: రోమన్ స్టేడియంలో 200 ఇళ్లు

ఫ్రాన్స్ అనగానే మనోళ్లు ప్యారిస్‌లో దిగి, ఐఫెల్ టవర్ ముందు ఫోటోలు తీసుకుని, మూడో రోజే స్విట్జర్లాండ్ బస్సెక్కేస్తారు. నేను ఈసారి దక్షిణానికి పోయాను. పది రోజులు, చిన్న రైళ్లు, బోలెడంత నడక. హడావిడి పడకూడదు, అంతే ప్లాన్.

ముందు పాన్ దు గార్. నీమ్ అనే ఊరికి నీళ్లు తేవడానికి రోమన్లు ఒకటో శతాబ్దంలో కట్టిన కాలువలో ఒక ముక్క ఇది. కాలువ పొడవు దాదాపు 50 కిలోమీటర్లు. మొదలుకీ చివరికీ ఎత్తులో తేడా ఎంతో తెలుసా? సుమారు 12 మీటర్లు. అంటే సగటున కిలోమీటరుకి జానెడు వాలు! మోటార్ లేదు, పంపు లేదు, గ్రావిటీ ఒక్కటే. మధ్యలో నది అడ్డం వస్తే మూడు వరుసల కమానులతో 49 మీటర్ల ఎత్తు వంతెన లేపారు. బీటెక్‌లో మాకు ఇది ఎవరూ చెప్పలేదేంటి అనిపించింది.

నాకు దానికంటే నచ్చింది తర్వాతి కథ. నీళ్లు ఆగిపోయాక మిగతా కాలువ రాళ్లని చాలాచోట్ల జనం తమ కట్టడాలకి పట్టుకుపోయారు. ఈ వంతెన మీద మాత్రం మనుషులు నది దాటేవాళ్లు, దానికి సుంకం కట్టేవాళ్లు. బండ్లు పట్టడానికని రెండో వరుస స్తంభాల్ని ఒక పక్క చెక్కేశారు కూడా. పాడుచేసిందీ వాడకమే, బతికించిందీ వాడకమే. యునెస్కో లేని రోజుల్లో దీన్ని కాపాడింది టోల్ గేట్ అన్నమాట.

ఆర్ల్‌లో ఇదే సంగతి ఇంకో రకంగా కనిపిస్తుంది. అక్కడి రోమన్ స్టేడియంలో 20,000 మంది కూర్చునేవాళ్లు. రోమ్ పడిపోయాక రక్షణ కోసం జనం దాని లోపలికే కాపురానికి వచ్చేశారు. బయటి గోడే కోటగోడ. లోపల 200కి పైగా ఇళ్లు, రెండు చిన్న చర్చిలు. స్టేడియం కాస్తా కాలనీ అయిపోయింది! 19వ శతాబ్దంలో ఆ ఇళ్లన్నీ ఖాళీ చేయించి, కూల్చి, "అసలు రోమన్ కట్టడం" బయటికి తీశారు. మరి అక్కడ తరతరాలుగా పిల్లల్ని కని పెంచినవాళ్లది చరిత్ర కాదా? నా వరకైతే అదే ఎక్కువ చరిత్ర. ఇప్పుడు వాళ్ల గుర్తుగా మిగిలినవి మధ్యయుగంలో కట్టిన మూడు బురుజులు.

కార్కసోన్ కోట గురించి ఒక్క మాటే చెప్తా. 1849లో ప్రభుత్వమే ఆ గోడల్ని కూల్చేయమంది, ఊరివాళ్లు అడ్డం పడ్డారు. 1853 నుంచి వియొలే-ల-దుక్ అనే ఆర్కిటెక్ట్ బాగుచేశాడు. ఆ సూది టోపీల కప్పులు ఈ ప్రాంతపు పద్ధతి కాదని ఆయన్ని ఇప్పటికీ తిడుతుంటారు. ఫోటోలో మాత్రం అవే అదిరిపోతాయి, ఒప్పుకోవాల్సిందే.

నేను ఎక్కువసేపు ఆగిపోయింది ఎగ్‌మోర్ట్‌లో. పేరుకి అర్థం చచ్చిన నీళ్లు. 1248లో తొమ్మిదో లూయీ రాజు క్రూసేడ్‌కి ఓడలెక్కింది ఇక్కడే. ఇప్పుడు సముద్రం కిలోమీటర్ల దూరంలో ఉంది. ఊరి మూల మీద కాన్‌స్టాన్స్ టవర్ ఉంది, గోడల మందం సుమారు 6 మీటర్లు. 1685లో పద్నాలుగో లూయీ ప్రొటెస్టెంట్ మతాన్ని నిషేధించాక, ఈ టవర్ ఆడవాళ్ల జైలయింది.

1730లో మరీ దురాన్ అనే అమ్మాయిని ఇందులో పెట్టారు. వయసు 19. తప్పేంటి? ఆమె అన్న రహస్యంగా ప్రొటెస్టెంట్ బోధకుడు. రెండేళ్లకి అతన్ని పట్టుకుని ఉరితీశారు. అయినా ఈమెని వదల్లేదు. మతం వదిలేస్తానని ఒక్క మాట అంటే తలుపు తెరుస్తారు. ఆమె అనలేదు. తోటి ఖైదీల కోసం బయటికి ఉత్తరాలు రాసేది, సాయం అడిగేది. వాటిలో కొన్ని ఇప్పటికీ ఉన్నాయి. టవర్ పైగది నేల మధ్యలో గుండ్రటి కన్నం ఉంటుంది. దాని అంచు రాతి మీద ఒక్క మాట చెక్కి ఉంది: ఎదిరించు. ఆమే చెక్కిందంటారు.

38 ఏళ్లు అందులోనే గడిచాయి. 1768లో వదిలేసరికి ఆమెకి 56. సొంతూరికి పోయి 1776లో చనిపోయింది. ప్రొటెస్టెంట్ల పెళ్లిళ్లనీ పుట్టుకల్నీ చట్టం గుర్తించింది ఇంకో పదకొండేళ్లకి, 1787లో.

అవిన్యోన్‌లో పోపుల కోట చాలా పెద్ద కథ, అది వచ్చే ఎపిసోడ్‌లో.