గుడి లేని గుమ్మాలు

వరంగల్ స్టేషన్ బయట ఆటో ఎక్కి 'ఖిలా' అంటే చాలు. ముందు మట్టికోట వస్తుంది, తర్వాత పొలాలు, ఆపైన అగడ్త, రాతికోట. లోపల ఇళ్లు, కొట్లు, బడికి పోయే పిల్లలు. చూడవచ్చినవాళ్లకు అది కోట, అక్కడివాళ్లకు ఊరు.

రాతిగోడ కాకతీయ గణపతిదేవుడి కాలంలో లేచి, రుద్రమదేవి ఏలుబడిలో ఎత్తు పెరిగిందంటారు. సున్నం లేకుండా రాతికి రాయి పేర్చిన గోడ అది. 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫూర్ సేనకు ముందు ఎదురైంది మాత్రం మట్టిగోడే. ఉక్కు బల్లెం కూడా ఆ మట్టిలో దిగేది కాదనీ, యంత్రాలు విసిరిన రాళ్లు దానికి తగిలి పిల్లలు ఆడుకునే కాయల్లా వెనక్కి ఎగిరేవనీ ఢిల్లీ ఆస్థాన కవి అమీర్ ఖుస్రో రాశాడు. అంతటి గోడా చివరికి లొంగింది. అప్పటి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు కప్పం చెల్లించి రాజ్యం నిలుపుకున్నాడు.

1323లో ఆ అవకాశమూ లేకపోయింది. తుగ్లక్ యువరాజు ఉలుగ్ ఖాన్ చేతిలో ఓరుగల్లు పడిపోయి సుల్తాన్‌పూర్ అయింది. కోట నడుమ ఉన్న స్వయంభూ శివాలయం నేలమట్టమైంది.

నాలుగు దిక్కులా తోరణాలు మాత్రం మిగిలాయి.

ఒక్కొక్కటి దాదాపు 30 అడుగుల ఎత్తు. అడ్డదూలం మీద హంసలు, కింద వరసగా వేలాడే రాతి తామరమొగ్గలు. దేవుడి బొమ్మలు లేవు కాబట్టే వదిలేశారని కొందరంటారు. చరిత్రకారులు వాగొనర్, రైస్‌ల వాదన వేరు: గుడి రాళ్లతోనే అక్కడ మసీదు కట్టారు, దానికి వాకిళ్లుగా ఈ తోరణాలను ఉంచుకున్నారు. తర్వాత ఆ మసీదూ పోయింది.

పడమటి వైపు ఏటవాలు గోడలు, పెద్ద కమానులతో ఖుష్ మహల్ ఉంది. జనం దాన్ని షితాబ్ ఖాన్ మహల్ అంటారు. 16వ శతాబ్దం మొదట్లో ఓరుగల్లునేలిన ఈ ఖాన్ అసలు పేరు సీతాపతి. కట్టడం తీరు మాత్రం అతనికి ముందటిది, తుగ్లక్‌లది.

2014లో తెలంగాణ రాజముద్రకు ఈ తోరణాన్నే ఎంచుకున్నారు. ఖిలాలో దాని నడుమ ఆకాశం తప్ప ఏమీ కనబడదు. ముద్రలో అదే చోట చార్మినార్ నిలబడింది.