తుమ్మలపల్లె రాయి చెప్పనిది, తాబేలు డీఎన్ఏ చెప్పింది

ఈ ఎపిసోడ్‌ను మా కడప జిల్లా తుమ్మలపల్లె నుంచి మొదలుపెడుతున్నాను. యురేనియం గనితో పేరు పడిన ఊరు. బోరు మీద బోరు వేసినా నీళ్లు పడని సీమలో కూర్చుని సముద్రం గురించి మాట్లాడతాడేంది అనుకుంటున్నారా? ఆ యురేనియం ఉన్న రాయే దీనికి జవాబు. సుమారు 190 కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ లోతు తక్కువ సముద్రం ఉండేది. అందులోని సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన స్ట్రొమటోలైట్లు వేంపల్లె రాతిలో ఇప్పటికీ కనిపిస్తాయి.

కానీ ఆ జీవుల వంశం ఏమిటో రాయి చెప్పదు. అంత పాత రాతిలో డీఎన్ఏ మిగలదు. అది తెలియాలంటే ఇప్పటి జీవుల్నే అడగాలి. అట్లా అడిగినవాళ్లు మన హైదరాబాద్ సీసీఎంబీలో ఉన్నారు.

మొదటి ప్రశ్న: ఇది ఏ జీవి? తోలు, డిప్ప లేని మాంసం ముక్క దొరికితే కంటితో చూసి చెప్పలేం. సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ 2003లో ప్రచురించిన పద్ధతి ఇక్కడ పనికొస్తుంది. సైటోక్రోమ్ బి అనే జన్యువులో చిన్న భాగాన్ని నకళ్లు తీసి, అక్షరాల వరుసను తెలిసిన జాతులతో పోలుస్తారు. వేటగాడు ఏం చెప్పినా ముక్క నిజం చెబుతుంది.

రెండో ప్రశ్న ఇంకా పెద్దది: ఒకే జాతి అయినా, అన్ని తీరాల్లో ఉన్నవీ ఒకే కుటుంబమా? ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడిశాలో గహిర్‌మాత, రుషికుల్య దగ్గర గుంపులుగా గుడ్లు పెడతాయి. మన శ్రీకాకుళం నుంచి నెల్లూరు దాకా కూడా వస్తాయి. ఆడ తాబేలు పుట్టిన తీరానికే తిరిగొస్తుందంటారు. మైటోకాండ్రియా డీఎన్ఏ తల్లి నుంచే వస్తుంది. కాబట్టి ఏ తీరం దారి దానిదే అయితే, తల్లుల వరుసలు వేరువేరుగా ఉండాలి కదా?

కార్తీక్ శంకర్, సీసీఎంబీ శాస్త్రవేత్త ఆర్.కె. అగ్గర్వాల్ బృందం 2004లో చెప్పిన ఫలితం వేరు. తూర్పు తీరం పొడుగునా తేడా కనిపించలేదు. పైగా ఇక్కడి తాబేళ్లలో ప్రపంచంలోని మిగతా ఆలివ్ రిడ్లేల కంటే పాత వరుస ఒకటి ఉంది. పనామా దగ్గర సముద్రాలు విడిపోయాక, పసిఫిక్, అట్లాంటిక్‌లలో తరిగిపోయిన ఈ జాతి మళ్లీ హిందూ మహాసముద్రం నుంచే వ్యాపించి ఉండాలని వాళ్ల అభిప్రాయం. అంటే మనది కొమ్మ కాదు, మొదలు.

ఇక్కడే ఒక పొరపాటు చేస్తాం. "అన్నీ ఒకటే కదా, ఒక తీరంలో పోతే ఇంకో తీరం నుంచి వస్తాయిలే" అనుకుంటాం. అట్లా కాదు. తరానికి నాలుగైదు తాబేళ్లు అటూ ఇటూ పోయినా చాలు, డీఎన్ఏలో తేడా చెరిగిపోతుంది. ఖాళీ అయిన తీరం నిండడానికి మాత్రం ఆ నాలుగైదు సరిపోవు. ఆ అధ్యయనం నాటికి, ఒక్క ఒడిశాలోనే పదేళ్లలో లక్షకు పైగా చచ్చిన తాబేళ్లు లెక్కకొచ్చాయి. ఎక్కువగా వలల వల్లే.

మా ఊరి సముద్రం పోయి రాయి మిగిలింది. అది ఎవరి తప్పూ కాదు. తాబేళ్లు పోతే మాత్రం మిగిలేది మన లెక్కలే. ఆలోచించండి.