రెండు గుటకల నీళ్లు

రాత్రి రెండు దాటింది. తార్నాకలో ఆ సందు కుక్కలు కూడా సద్దుమణిగాయి. మాస్టారు ఉన్నట్టుండి లేచి కూర్చున్నారు. రొమ్ము ఎముక వెనక, సరిగ్గా నడిమధ్యన, మేకు దిగ్గొట్టినట్టు నొప్పి. ఉమ్మి మింగితే ఇంకా పొడుస్తోంది.

"ఏమైందండీ?"

"ఛాతీల నొప్పి. గుండెకు పాకినట్టున్నది."

ఏం పాకిందని భార్య అడగలేదు. మూడు నెలలుగా ఆ ఇంట్లో ఒకటే మాట, లైమ్.

ఈ మాస్టారు ఒకే మనిషి కాదని ముందే చెప్పాలి. డాక్టర్లు ఏళ్లుగా చూస్తున్న, రాస్తున్న ఒక అనుభవానికి నేను తార్నాకలో ఇల్లు చూపించాను, అంబర్‌పేట్‌లో ఒక బామ్మర్దిని ఇచ్చాను. నొప్పి, మందు, పరీక్షలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే.

మాస్టారి కూతురు అమెరికాలో, కనెక్టికట్‌లో ఉంటుంది. లైమ్ జబ్బుకు పేరొచ్చింది ఆ రాష్ట్రంలోని ఊరి నుంచే. 1975 ప్రాంతంలో అక్కడ పాలీ మరే అనే తల్లి, తన పిల్లలకే కాదు, చుట్టుపక్కల పిల్లలకు కూడా కీళ్లు వాస్తున్నాయని పట్టుబట్టి అధికారుల చెవిన వేసింది. యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ అనే డాక్టర్ వచ్చి తవ్వాడు. ఆ జబ్బు తెచ్చే, మెలికలు తిరిగిన క్రిమిని పిడుదు కడుపులో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త చూసింది 1981లో. మన బర్రెల మీద గోమార్లను చూసిన కళ్లకు అక్కడి పిల్ల పిడుదు ఆనదు. గసగసం గింజంతే ఉంటుంది.

వేసవిలో కూతురింటి పెరట్లో తిరిగిన మాస్టారికి మోకాలి వెనక ఎర్రటి వలయం లేచింది. అక్కడి డాక్టరు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రెండు వారాలకు రాసిచ్చాడు. వలయం పోయింది. హైదరాబాద్ వచ్చాక నీరసం, కీళ్ల నొప్పులు మాత్రం వదల్లేదు. కొందరికి అలా మిగలడం నిజమే. అలాంటి వాళ్ల మీద 2001లో అమెరికాలో తొంభై రోజులు, 2016లో నెదర్లాండ్స్‌లో పన్నెండు వారాలు అదనంగా యాంటీబయాటిక్ వాడి చూశారు. ఉత్తుత్తి మాత్ర మింగినవాళ్ల కంటే ఏమీ మెరుగు కనిపించలేదు. మాస్టారు ఇవేవీ ఒప్పుకోలేదు. క్రిమి ఇంకా దాక్కునే ఉందని ఆయన నమ్మకం. చీటీ లేకుండానే డాక్సీసైక్లిన్ స్ట్రిప్పులు కొనుక్కొచ్చి మూడో నెల నడుపుతున్నారు.

భార్య తమ్ముడికి ఫోన్ చేసింది. 108కి కొట్టాల్సింది, కానీ మనకు ఆపదలో ముందు బామ్మర్దే గుర్తొస్తాడు.

"అక్కా, బావను నడవనియ్యకు. వస్తున్న."

అంబర్‌పేట్ నుంచి శివం రోడ్డు మీదుగా ఆ కారు ఎలా వచ్చిందో గానీ, ఆస్పత్రికి తిరుగు దారిలో యూనివర్సిటీ క్యాంపస్ చీకట్లోకి రాగానే మాస్టారికి రెండో సిద్ధాంతం తట్టింది.

"ఇది మంచిదేరా. మందుకు క్రిములు సస్తున్నయి, ఆ విషం బయటికి కొడుతున్నది. ఇంటికి తిప్పు."

"ఈసీజీ తీసినంక తిప్పుత బావా."

ఆయన చెప్పింది పూర్తిగా కల్పన కాదు. 1895లో యారిష్, 1902లో హెర్క్స్‌హైమర్ అనే వైద్యులు, పాదరసంతో సుఖరోగానికి వైద్యం చేస్తున్నప్పుడు, మందు పడగానే రోగం రెచ్చిపోవడం గమనించారు. లైమ్‌లోనూ అది ఉంటుంది. కానీ మొదటి రోజే, కొన్ని గంటల్లోనే, చలీ జ్వరంతో వచ్చిపోతుంది. మూడో నెలలో అర్ధరాత్రి నిద్రలేపి పొడవదు.

మొదటి భయం మాత్రం తోసెయ్యాల్సింది కాదు. లైమ్ వచ్చినవాళ్లలో నూటికి ఒకరికి గుండెలో కరెంటు నడిచే దారి మొద్దుబారుతుంది. పై గది నుంచి కింది గదికి కబురు ఆలస్యంగా చేరుతుంది. కళ్లు తిరుగుతాయి, స్పృహ తప్పుతుంది, ప్రాణం మీదికీ రావచ్చు. అరవై దాటిన మనిషికి మామూలు గుండెపోటు ఉండనే ఉంది.

ఆస్పత్రిలో తీసిన ఈసీజీలో ఆ కబురు సమయానికే చేరుతోంది. రక్తంలో, గుండె దెబ్బను పట్టిచ్చే ట్రోపోనిన్ బాగుంది. మూడు గంటలాగి మళ్లీ తీశారు, అప్పుడూ బాగుంది. అప్పుడొచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది డ్యూటీ డాక్టరమ్మ. ఆమెకు పాతికేళ్లుంటాయేమో.

"మింగితే నొప్పి ఎక్కువైతుందా సార్?"

"అవునమ్మా."

"మాత్ర ఎప్పుడేసుకున్నరు?"

"పండుకునేముందు. పదకొండింటికి."

"ఎన్ని నీళ్లతోని?"

మాస్టారు రెండు వేళ్లు చూపించారు. రెండు గుటకలు. ఎక్కువ తాగితే రాత్రి లేవాల్సొస్తుందని.

డాక్సీసైక్లిన్ మాత్ర కరిగితే ఆమ్లం. నీళ్లు చాలక, వెంటనే నడుం వాల్చేస్తే అది అన్నవాహికలోనే ఆగిపోతుంది. గుండె నుంచి వంగి వచ్చే పెద్ద రక్తనాళం అన్నవాహికను నొక్కే చోట ఎక్కువగా చిక్కుకుంటుంది, అక్కడే కాలుస్తుంది. పొద్దున ఎండోస్కోపీలో ఎదురెదురుగా రెండు పుళ్లు కనిపించాయి.

మాస్టారు నొచ్చుకున్నది పుళ్లకు కాదు. ఆర్ట్స్ కాలేజీ ముందు పొద్దున్నే నడిచే మిత్రులకు ఆయన ఈ మందు గురించి గొప్పగా చెప్పేవారు. ఈ వంశంలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1945లో డగ్గర్ అనే శాస్త్రవేత్త కనిపెట్టింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన నడిపించిన లెడర్లీ కంపెనీలోనే. అది లోకానికి తెలిసిన 1948లోనే, ఆగస్టులో, సుబ్బారావు గుండెపోటుతో పోయారు. 'మనోడి కుదురుల పుట్టిన మందు, మనకేం చేస్తది' అనేది మాస్టారి ధీమా.

"మాత్ర ఆపండి. పుండ్ల మీద పూతలాగ పరుచుకునే సిరప్ రాస్తున్న. వారం పది రోజుల్ల మానుతయి."

"మరి లైమో?"

"థైరాయిడ్, షుగర్ ఎప్పుడు చూపించుకున్నరు సార్?"

మాస్టారు బామ్మర్ది వైపు చూశారు. బామ్మర్ది గోడ మీది క్యాలెండర్ వైపు చూశాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి మంచం పక్కన రాత్రి పెట్టిన గ్లాసు మూతతో అలాగే ఉంది. భార్య మూత తీసి చూసింది. రెండు గుటకలు తక్కువ, అంతే. ఏమీ అనకుండా తీసుకెళ్లి తులసి కోటలో పోసింది.