కిహచిరో కవమోతో

కిహచిరో కవమోతో (1925 జనవరి 11 - 2010 ఆగష్టు 23) జపాను దేశానికి చెందిన బొమ్మల శిల్పి, స్టాప్ మోషన్ చలనచిత్ర దర్శకుడు. స్వహస్తాలతో చేసిన బొమ్మలను కెమెరా ముందు నటింపజేసిన కళాకారులలో ఈయనకు విశిష్ట స్థానం ఉన్నది. చెకొస్లొవేకియాలో యిర్జీ త్రన్కా వద్ద శిష్యరికం చేసి, అక్కడ నేర్చిన విద్యను నో, క్యోగెన్, బున్‌రకు అనే జపాను సంప్రదాయ రంగస్థల కళలతో మేళవించాడు.

తొలి జీవితం

కవమోతో టోక్యో నగరంలో జన్మించాడు. చిన్ననాటి నుండి బొమ్మల తయారీపై మక్కువ ఉన్నప్పటికీ, యొకొహామాలో వాస్తుశిల్ప విద్యను అభ్యసించాడు. 1946లో టోహో చలనచిత్ర సంస్థలో కళా విభాగ సహాయకుడిగా చేరి, 1950లో అక్కడి నుండి బయటికి వచ్చాడు. ఆ తరువాత నాటక రచయిత తదాసు ఈజావాతో కలిసి, బొమ్మలను అమర్చి తీసిన ఛాయాచిత్రాలతో పిల్లల కథల పుస్తకాలు రూపొందించాడు.

ఆ రోజులలోనే త్రన్కా తీసిన "చక్రవర్తి కోకిల" (1949) చిత్రాన్ని చూశాడు. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ కథ ఆధారంగా తీసిన ఆ చిత్రం, బొమ్మలతో గంభీరమైన భావాలను కూడా పలికించవచ్చునని ఆయనకు తెలియజెప్పింది. చైనాలో బొమ్మల చిత్రాలు తీసి స్వదేశానికి తిరిగివచ్చిన తదహితో మొచినాగ వద్ద 1950లలో స్టాప్ మోషన్ ప్రాథమిక పాఠాలు నేర్చుకున్నాడు. వాణిజ్య ప్రకటనల చిత్రాలకు బొమ్మలు చేస్తూ జీవనం సాగించాడు.

స్టాప్ మోషన్ పద్ధతి

తోలుబొమ్మలాటలో ఆటగాడు ఆడించినంతసేపూ బొమ్మ కదులుతుంది. స్టాప్ మోషన్‌లో కెమెరా పనిచేసే క్షణాన బొమ్మ నిశ్చలంగా ఉంటుంది. బొమ్మను ఒక భంగిమలో నిలిపి చిత్రం తీసి, చేతినో తలనో కొద్దిగా జరిపి మరల చిత్రం తీస్తారు. ఈ చిత్రాలను వరుసగా ప్రదర్శించినపుడు బొమ్మ కదిలినట్లు కనిపిస్తుంది.

చలనచిత్రంలో సెకనుకు 24 చిత్రాలు ఉంటాయి. ఒక్కొక్క భంగిమను రెండేసి చిత్రాలుగా తీసినా సెకనుకు 12 భంగిమలు అవసరమవుతాయి. ఆ లెక్కన పది నిమిషాల చిత్రానికి 7,200 సార్లు బొమ్మను సవరించాలి. బొమ్మ లోపల తీగతో గాని, కీళ్ళు అమర్చిన లోహంతో గాని చేసిన అస్థిపంజరం ఉంటుంది. పెట్టిన భంగిమలో బొమ్మ నిలిచి ఉండాలంటే ఆ కీళ్ళు మరీ వదులుగానూ, మరీ బిగువుగానూ ఉండరాదు. నడిచేటపుడు పడిపోకుండా పాదాలను వేదికకు బిగిస్తారు. మధ్యలో బొమ్మ ఒరిగినా, దీపం జరిగినా ఆ లోపం తెరపై స్పష్టంగా కనబడుతుంది. అందువలన ఈ విద్యలో నేర్పుతో పాటు ఓర్పు కూడా ముఖ్యం.

ప్రేగ్‌లో శిష్యరికం

1963లో, 38 ఏళ్ళ వయసులో, కవమోతో ప్రేగ్ నగరానికి వెళ్ళి సుమారు ఏడాది పాటు త్రన్కా వద్ద విద్య నేర్చుకున్నాడు. బొమ్మ మనిషికి చిన్న నకలు కాదని, దానికి తనదైన లోకం ఉన్నదని అక్కడ గ్రహించాడు. యూరప్ శైలిని అనుకరించక, స్వదేశపు సంప్రదాయంలోనే తన మార్గం వెదుక్కొమ్మని త్రన్కా ప్రోత్సహించాడు. గురువు వద్ద నేర్చిన పాఠాలలో కవమోతో చిత్రాలపై అత్యధిక ప్రభావం చూపినది ఇదే.

త్రన్కా బొమ్మల ముఖాలు సాధారణంగా మారవు. వెలుగునీడలు, కెమెరా కోణం, తల వంపు ద్వారానే అవి భావాన్ని ప్రకటిస్తాయి. జపాను నో నాటకాలలోని ముసుగులదీ ఇదే స్వభావం. ముసుగును కొద్దిగా పైకెత్తితే ముఖం ప్రసన్నంగాను, కిందికి వంచితే విషాదంగాను తోస్తుంది. ఈ విధంగా ప్రేగ్‌లో చూసిన కళకు మూలసూత్రం కవమోతోకు తన దేశపు రంగస్థలంపైనే లభించింది.

చిత్రాలు

స్వదేశానికి వచ్చాక తీసిన మొదటి స్వతంత్ర చిత్రం "కొమ్మలు విరవరాదు" (1968). పూల చెట్టుకు కాపలా ఉంచిన యువ సన్యాసి మద్యానికి లోబడిపోవడం ఇందులోని కథ. ఇది క్యోగెన్ హాస్య నాటకం ఆధారంగా తీసినది. "ఓని" (1972) చిత్రంలో ఇద్దరు వేటగాళ్ళైన అన్నదమ్ములు తమపై దాడి చేసిన రాక్షసి చేతిని నరికి ఇల్లు చేరి, ఆ రాక్షసి తమ తల్లేనని తెలుసుకుంటారు. "దోజోజి" (1976) సన్యాసిని ప్రేమించి భంగపడి, సర్పంగా మారిన స్త్రీ కథ. "అగ్నిగృహం" (1979) ఇద్దరు ప్రేమికుల మధ్య నలిగి ప్రాణత్యాగం చేసిన యువతి కథ. తీరని కోరిక మనిషిని దహించివేయడం ఈ చిత్రాలన్నిటిలోనూ కనిపించే ప్రధాన ఇతివృత్తం.

ఎన్.హెచ్.కె. టెలివిజన్‌లో 1982-84 మధ్య 68 భాగాలుగా ప్రసారమైన "మూడు రాజ్యాల కథ"కు బొమ్మలు చేసి విశేష ప్రజాదరణ పొందాడు. అయితే ఆ బొమ్మలను స్టాప్ మోషన్‌లో కాక, కళాకారులు నేరుగా చేతులతో ఆడించారు.

1990లో మరల ప్రేగ్ వెళ్ళి, గురువు పేరిట ఉన్న స్టూడియోలో "నిద్రపోయే సుందరి" కథను తనదైన రీతిలో చిత్రించాడు. త్రన్కా మరణించి (1969) అప్పటికి రెండు దశాబ్దాలు గడిచాయి. అదే ఏడాది మరణించిన మిత్రుడు తదనారి ఒకమోతో అసంపూర్తిగా విడిచిన చిత్రాన్ని 1991లో పూర్తిచేశాడు. 1970లలో వీరిద్దరూ కలిసి బొమ్మల చిత్రాల ప్రదర్శనలు నిర్వహించేవారు.

బషో కవితా గోష్ఠి ఆధారంగా 35 మంది యానిమేషన్ కళాకారులు పాల్గొన్న "శీతకాలపు దినాలు" (2003) చిత్రానికి ఈయన సారథ్యం వహించాడు. షినొబు ఒరికుచి నవల ఆధారంగా తీసిన "మృతుల గ్రంథం" (2005) విడుదలయ్యే నాటికి కవమోతో వయసు 80 సంవత్సరాలు.

గుర్తింపు

ఒసాము తెజుకా మరణానంతరం 1989లో జపాను యానిమేషన్ సంఘానికి అధ్యక్షుడై, తుదివరకు ఆ పదవిలో కొనసాగాడు. బొమ్మలాటల ఉత్సవానికి పేరుపొందిన ఈదా పట్టణంలో 2007లో ఈయన పేరిట బొమ్మల ప్రదర్శనశాల ప్రారంభమైంది. కవమోతో స్వయంగా తయారుచేసిన బొమ్మలను అందులో భద్రపరిచారు.