వేంగీసీమలో తొలి క్రైస్తవ చిహ్నములు: ఒక దిన పర్యటన

వేంగీసీమ చరిత్రను గూర్చి వ్రాయువారు ‘క్రీస్తుశకారంభ కాలము’ అను మాటను తరచుగా వాడుదురు. గుంటుపల్లి గుహలు, పెదవేగి దిబ్బలు మొదలగువానినన్నిటిని ఆ గణనతోడనే కొలుచుచున్నాము. ఈ మాటను వినిన విద్యార్థి, ఆ తొలి శతాబ్దులలో ఈ సీమయందు క్రైస్తవమతము కూడ ఉండెనేమో యని భ్రమపడుటకు అవకాశము కలదు. శకము కాలమును చెప్పును గాని మతమును చెప్పదు. ఈ సీమలో వెలువడిన ప్రాచీన శాసనములు బౌద్ధమును, శైవవైష్ణవములను చెప్పుచున్నవి. క్రైస్తవమును చెప్పుట లేదు. ఇచటి తొలి తెలుగు క్రైస్తవులు పందొమ్మిదవ శతాబ్దివారు. వారి చిహ్నములకు ఇంకను రెండువందల యేండ్లయినను నిండలేదు. అయినను రెండువేల యేండ్ల నాటి గుహలకంటె అవియే త్వరితముగా మాసిపోవుచున్నవి. ఈ విపర్యయమును పుస్తకములో చదువుటకంటె దారి వెంట చూచుట మేలు. పరిశోధక విద్యార్థులను ఏలూరినుండి వెంటబెట్టుకొని పోయి, ఒక్క దినములో మరల ఏలూరు చేర్పదగిన పర్యటనము నొకదానిని ఇచట వివరించుచున్నాము.

మార్గమిది. ఏలూరికి ఉత్తరమున పెదవేగి. అటుపిమ్మట మెట్టసీమలో గుంటుపల్లి. ద్వారకాతిరుమల మీదుగా దిగి తాడేపల్లిగూడెము. అచటినుండి గోదావరికాలువ వెంబడి పడమరగా మరల ఏలూరు. మరలివచ్చునపుడు కొల్లేటి పల్లపుభూములు దక్షిణమున నుండును. మెట్టనుండి పల్లమునకు దిగుచున్నకొలది ప్రాచీనమునుండి నవీనమునకు దిగుచుందుము. ఇది మేము కల్పించిన క్రమము కాదు. రాయి మెట్టలో ఉన్నది. ఒండుమట్టి పల్లములో ఉన్నది. మిగులుట, మాయుట అనువానికి ఈ భేదమే మొదటి కారణము.

పెదవేగి ఏలూరికి సుమారు 12 కిలోమీటర్ల దూరమున నున్న గ్రామము. శాలంకాయనుల రాజధానియైన వేంగి ఇదియే. అలహాబాదు స్తంభశాసనమున సముద్రగుప్తుడు జయించిన దక్షిణాపథ రాజులలో వేంగికి చెందిన హస్తివర్మ పేరు కలదు. శాలంకాయనులు తమ శాసనములలో చిత్రరథస్వామి పాదభక్తులమని చెప్పుకొనిరి. ఏడవ శతాబ్దిలో కుబ్జవిష్ణువర్ధనుడు స్థాపించిన తూర్పుచాళుక్య రాజ్యమునకు ఈ నగరము పేరే రాజ్యనామమైనది. ఇంతటి పట్టణమునకు నేడు నేలపై మిగిలినవి దిబ్బలు. 1980-89 నడుమ కేంద్ర పురావస్తుశాఖవారు త్రవ్వించినపుడు ఇటుక కట్టడములు బయల్పడెను. ఇచట చూపవలసినది తక్కువ, చెప్పవలసినది ఎక్కువ. రాగిరేకులే లేకున్నచో వేంగి మనకొక ఊరిపేరుగా మాత్రమే తోచియుండును. వ్రాత నిలిచినందుననే రాజ్యము నిలిచినది. ఈ మాటను విద్యార్థులు సాయంకాలము వరకు మనసున నుంచుకొనవలెను.

గుంటుపల్లి గుహలు కామవరపుకోట మండలమున జీలకర్రగూడెము చెంత నున్నవి. దినములో అధికభాగమును ఇచటనే గడుపుట యుక్తము. ఇటుకతో కట్టిన గజపృష్ఠాకార చైత్యము, శిలలో తొలిచిన విహారములు, గుట్టపై గుంపులుగా నున్న మ్రొక్కుబడి స్తూపములు, విరిగిన మండపస్తంభములు ఇచట కలవు. ఆ స్తంభములపై బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనము కలదు. మహామేఘవాహన వంశీయుడును, కళింగ మహిషకాధిపతియు నగు సిరిసదుని లేఖకుడు చులగోముడు మండపమును దానమిచ్చెనని దాని తాత్పర్యము. 1968లో ఈ శాసనమును ప్రకటించిన ఆర్. సుబ్రహ్మణ్యంగారు దానిని ఖారవేలునకు చేర్చిరి. తరువాతి పరిశోధకులు సిరిసదునిదిగా నిర్ణయించిరి. రాజు ఎవరను వివాదమున మునిగి దాతను మరచుట మన అలవాటు. దానమిచ్చినవాడు రాజు కాదు, వ్రాయసకాడు. తన పేరు నిలుపుకొనుట వ్రాతకాని కెట్లు తెలియునో మరియొకనికి తెలియదు గదా!

వలయాకారపు చైత్యగుహ ఈ స్థలమునకు తలమానికము. దాని లోకప్పు గుమ్మటమువలె నుండును. ఆ గుమ్మటమునకు అడ్డముగను నిలువుగను వాసములను శిలలోనే మలచిరి. రాతికప్పునకు వాసము లెందులకు? కొయ్యతోను గడ్డితోను కట్టిన గుండ్రని పాకను చూచి శిల్పి ఈ గుహను తొలిచెను. బరాబరు కొండలలోని సుదామగుహయందును ఇట్టి గుండ్రని గదియే కలదు. కాని మన విద్యార్థికి అంతదూరము పోనక్కరలేదు. కోస్తాతీరమున అక్కడక్కడ నేటికిని నిలిచియున్న చుట్టింటిని చూచిన చాలును. అడవిగడ్డితో కప్పిన ఆ నాటి పాకలలో ఒక్కటియు మిగులలేదు. వాని రూపము మాత్రము రాతిలో చిక్కుకొని మిగిలినది. సామాన్యుల ఇల్లు చరిత్రలోనికి వచ్చుట కిట్టి అదృష్టము వలయును.

ఆ గుహ నడుమనున్న శిలాస్తూపమును చుట్టుప్రక్కల గ్రామములవారు ధర్మలింగేశ్వరుడని కొలుచుచున్నారు. మహాశివరాత్రికి భక్తులు వచ్చెదరు. దీనిని అజ్ఞానమని చిన్నచూపు చూచు పండితులు కలరు. మేమట్లు తలపము. పేరులోని ‘ధర్మ’ శబ్దము బౌద్ధధర్మమునుండియే వచ్చినదని నిరూపింపజాలము గాని, భిక్షువులు విడిచిపోయిన తరువాత ఈ స్తూపమునకు దిక్కైనవారు ఈ భక్తులే యనుట స్పష్టము. లింగమని నమ్మినందున దానిని పగులగొట్టి రాయిగా వాడుకొనలేదు. ఆరాధన మారినను వస్తువు నిలిచినది.

ద్వారకాతిరుమల మీదుగా దిగి తాడేపల్లిగూడెము చేరుసరికి భూమి యొక్క రంగే మారును. ఇచటినుండి మన సహచారి కాలువ. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1847లో మొదలై 1852లో ముగిసినది. కృష్ణపై విజయవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తియైనది. నిడదవోలు, తాడేపల్లిగూడెముల మీదుగా వచ్చు గోదావరికాలువయు, విజయవాడనుండి వచ్చు కృష్ణకాలువయు ఏలూరియొద్ద కలిసికొనుచున్నవి. రైలు రాకపూర్వము రెండు నదుల నడుమ రాకపోకలకు ఈ నీటిదారియే రాజమార్గమైనది. పశ్చిమడెల్టాలో క్రైస్తవ చరిత్రను చదువదలచినవాడు ముందుగా కాలువల పటమును ఎదుట పెట్టుకొనవలెనని మా అభిప్రాయము.

కారణము చెప్పెదము. నందన కరువు 1832-33లో ఈ తీరమును పీడించినది. కరువు తీరిన మూడేండ్లకు, అనగా 1836లో, ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండునుండి విలియం బౌడెను, జార్జి బీరు అనువారు సతీసమేతులై వచ్చిరి. వీరు ఏ సంస్థయొక్కయు జీతగాండ్రు కారు, చేతిపనులతో బ్రతికినవారు. నరసాపురము, పాలకొల్లులను నెలవుగా చేసికొని గోదావరి డెల్టా మిషనునకు వీరు పునాది వేసిరి. ధవళేశ్వరమున ఆనకట్ట పని జరుగునపుడు వేలకొలది కూలీలు ఒకచోట చేరియుండగా వీరు అచటికి పోయి బోధించిరి. ఆ కూలీలు పని ముగిసినపిమ్మట తమ తమ యూళ్ళకు మరలిపోవుట సహజము. కావున ఒక మాట ఒకచోట విత్తబడి పలుచోట్ల మొలకెత్తుటకు ఆనకట్టపని తావిచ్చినదనుకొనుట అసంగతము కాదు. తరువాతి కాలమున మిషనరీలు కాలువలపై పడవలలో తిరుగుచు గ్రామములు చూచిరి. డెల్టాలోని బ్రదరెను సంఘములు ఈ బౌడెను, బీరుల పరంపరలోనివే.

పాలకొల్లున అంతకుముందే, పదునేడవ శతాబ్దిలో, డచ్చివారి వర్తకస్థానము వెలసినది. వారి గోరీలును అచట కలవు. అవి ఐరోపీయుల స్మారకములే గాని తెలుగు సంఘముల ఆరంభచిహ్నములు కావు. ఈ రెంటిని కలుపరాదు. పాలకొల్లునకు వేరొక దినమును కేటాయించుట మంచిది.

లూథరను మిషను చరిత్ర వేరు. ఉత్తరజర్మను మిషనువారు 1845 ప్రాంతమున రాజమహేంద్రవరమున ఆరంభించిన పని కొలదికాలమునకే అమెరికను లూథరనుల చేతికి వచ్చినది. 1869లో దానిని చర్చి మిషనరీ సంఘమువారికి అప్పగింపబోగా, 1842లో గుంటూరున పని మొదలిడిన హెయరుగారు వార్ధక్యములో తిరిగి వచ్చి దానిని నిలిపిరి. గోదావరి మండలపు లూథరను సంఘములు నేడు 1927లో ఏర్పడిన ఆంధ్ర సువార్త లూథరను సంఘములోనివి.

ఇచట ఒక పదమును గూర్చి చెప్పక తప్పదు. సంఘము, సంఘారామము అను మాటలు ఉదయము మనము చూచిన భిక్షువులవి. హ్యూయన్‌త్సాంగు ఏడవ శతాబ్దిలో ఆంధ్రదేశమున 20కి మించి సంఘారామములు, సుమారు 3,000 భిక్షువులు ఉండిరని వ్రాసెను. పందొమ్మిదవ శతాబ్దిలో క్రైస్తవ సమాజమునకు పేరు పెట్టవలసివచ్చినపుడు తెలుగు బైబిలు ఆ ‘సంఘము’ అను మాటనే గ్రహించినది. ఈ రెంటికి నడుమ పారంపర్యము లేదు. సంస్కృతపదభాండారమే రెంటికి మూలము. అయినను నేడు తాడేపల్లిగూడెము ప్రాంతపు పల్లెలలో ‘మా సంఘము’ అని ఒక కూలివాడు పలికినపుడు, భిక్షువుల సంఘమునకు మండపమిచ్చిన చులగోముడు జ్ఞప్తికి రాక మానడు. తెలుగుశాఖవారు చేయదగిన పని ఇట్టి మాటలలో ఎంతయో కలదు. పోర్చుగీసునుండి వచ్చిన ‘పాదిరి’, ఇంగ్లీషునుండి వచ్చిన ‘మిషను’, గ్రంథభాషనుండి వచ్చిన ‘సువార్త’ ఒకే పల్లెలో ఒకే నోట వినబడుచున్నవి.

కొల్లేటిని గూర్చి క్లుప్తముగా. రెండవ పులకేశి ఐహోళె శాసనమున (634) యుద్ధరక్తముతో ఎరుపెక్కిన కునాళ జలము ఈ సరస్సే యని కీల్హార్ను మొదలగువారి నిర్ణయము. రెండు డెల్టాల నడుమ నున్న ఈ పల్లము బుడమేరు, తమ్మిలేరుల నీరు త్రాగి ఉప్పుటేటిద్వారా సముద్రమునకు విడుచును. 2002లో ఇది రాంసార్ ఒప్పందపు జాబితాలో చేరినది. 2006లో చేపలచెరువుల గట్లను ప్రభుత్వము కొట్టించినది. మన ప్రకరణమునకు కావలసిన సంగతి ఒక్కటి. లంకగ్రామములలోను, కాలువగట్లమీదను రాయి దొరకదు. మట్టిగోడ, తాటాకుకప్పు, ఇదియే డెల్టాలో పేదవాని యిల్లు, వాని బడి, వాని ప్రార్థనామందిరము. వరద వచ్చిన గోడ కరగును. గాలివాన వచ్చిన కప్పు పోవును. 1864 నవంబరులో మచిలీపట్నమును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయిరి. అట్టి తీరమున తొలి మందిరములు నిలిచియుండునని ఆశించుట వ్యర్థము. గుంటుపల్లి పాకకు దొరికిన శిల్పి వీనికి దొరకలేదు.

సాయంకాలమునకు ఏలూరు. 1841లో మచిలీపట్నమునకు వచ్చిన రాబర్టు నోబులు, హెన్రీ ఫాక్సులతో చర్చి మిషనరీ సంఘపు తెలుగు మిషను ఆరంభమైనది. 1854లో అది ఏలూరునకు విస్తరించినది. నోబులుగారి బడి అగ్రవర్ణముల బాలురను ఉద్దేశించినది. 1852లో ఆ బడివారగు అయినాల భూషణము, మంచాల రత్నము బాప్తిస్మము పొందగా బడి దాదాపు ఖాళీయైనది. కాని ప్రవాహము వేరొక దిక్కునుండి వచ్చినది. 1859లో రాఘవాపురపు పగోలు వెంకయ్య, మాలకులమునకు చెందినవాడు, డార్లింగుగారిచే బాప్తిస్మము పొందెను. పిమ్మట సంఘములు పెరిగినది మాలమాదిగ పల్లెలలోనే. నోబులుగారి జీవితము ఇంగ్లీషున గ్రంథమైనది. వెంకయ్యను గూర్చి మనకు తెలిసినది మిషనరీల వ్రాతలద్వారా మాత్రమే.

గోరీలయందును ఇదే భేదము. మదరాసు రాజధానిలోని సమాధి శాసనములను జూలియన్ జేమ్స్ కాటను సేకరించి 1905లో ప్రకటించెను. చాల ఉపయుక్తమగు గ్రంథము; పాలకొల్లు డచ్చి గోరీలను చదువుటకు దానిని వెంట తీసికొనిపోవలెను. కాని అది ప్రధానముగా ఐరోపీయుల జాబితా. ఉపదేశకుడుగనో, బడిపంతులుగనో బ్రతికి, తెలుగు అక్షరములు చెక్కిన చిన్న బండక్రింద పరుండిన వానిని జాబితా కెక్కించువారు లేరైరి. మన తెలుగుశాఖలు శాసనపాఠమును నేర్పుచున్నవి; పదునొకండవ శతాబ్ది అక్షరమును ముద్దాడుచున్నవి. పందొమ్మిదవ శతాబ్ది గోరీబండపై తెలుగు లిపిని, వర్ణక్రమమును, పేర్లను ఎవరును ఎత్తి వ్రాసికొనుట లేదు. ఆంగ్లికను పద్ధతిని నడచిన బాప్తిస్మ పుస్తకములలో బిడ్డ పేరు, తల్లిదండ్రుల పేర్లు, ఊరు, వృత్తి వ్రాయుట ఆచారము. రాగిరేకులలో అగ్రహారము పొందినవాని గోత్రమును, శాఖను చదువుచున్నాము. అట్టి వివరమే ఒక పాలేరును గూర్చి మొదటిసారిగా కాగితముపై నెక్కినది ఈ పుస్తకములలోనే కావచ్చును.

గుంటుపల్లిలో ఆరాధన పాతవస్తువును కాపాడినది. డెల్టాలో ఆరాధనయే పాతదానిని తొలగించుచున్నది. ఇందు సంఘములవారి దోషమేమియు లేదు. జనము పెరిగినపుడు పాతమందిరము చాలదు. దానిని దింపి సిమెంటుతో పెద్దది కట్టుదురు. బ్రతికియున్న సంఘమునకు అదియే సహజము. గోరీలదొడ్డియు క్రొత్త మృతులకు చోటీయవలసినదే. పురావస్తుశాఖ కాపాడునది నిర్జనస్థలమును. సజనస్థలమునకు కాపు వ్రాతయే.

కావున పర్యటనలో చివరి రెండు గంటలను చూచుటకు గాక వ్రాయుటకు కేటాయించితిమి. ఒక్కొక్క విద్యార్థికి పది బండలు. సంఘపెద్దల అనుమతి ముందుగా తీసికొనవలెను. బండ కొలత, దిక్కు, అక్షరముల ఎత్తు, పంక్తుల విభజన, తప్పుగా చెక్కిన చోటు తప్పుగానే, చెరిగిన అక్షరమునకు చుక్క. బైబిలు వాక్యమున్నచో దానిని నేటి ప్రతితో సరిచేయక చెక్కినట్లే వ్రాయవలెను. ఏ కాలపు అనువాదము ఆ పల్లెకు చేరినదో దానినిబట్టియే తేలును. సుద్దను, నూనెను బండకు రాయరాదు. ప్రక్కవాటపు ఎండలో చదివిన చాలును. నాలుగుగంటల తరువాత ఏలూరు ఎండ ఇందుకు మిక్కిలి అనుకూలము.